మసితో పంపిన కాగితం

నవంబరు పదిహేను, శనివారం. మధ్యాహ్నం రెండూ పదికి కాసిడీహ్ పేటలో ఒక ఇంటి ముందుగదిలో మసి చనిపోయింది. మసి కుక్క. ఆడది. వయసు నాలుగేళ్ళుంటుందని డాక్టరు పళ్ళు చూసి చెప్పాడు. ఆ ఇంటికి పెంపకానికి వచ్చి ఆ రోజుకి పద్నాలుగు రోజులు.

రెండున్నరకి ఆ ఇంటాయన భుజంగరావు, అదే ఊళ్ళో బిర్సానగర్‌లో ఉన్న ధర్మరాజుకి ఫోన్ చేశాడు. ధర్మరాజు పేరు చూసి ఫోన్‌ని గూట్లో పెట్టాడు. రెండూ నలభైకి మళ్ళీ మోగింది. మూడింటికి మళ్ళీ మోగింది.

"ఎత్తవేటయ్యా?" అంది భార్య గౌరీదేవి.

"రేపటికి పదిహేను రోజులు. రేపు నేనే చేత్తాను."

నాలుగున్నరకి యోగిత స్కూటీ మీద వచ్చింది. బ్యాంకు నుంచి నేరుగా వచ్చింది, మెళ్ళో ఐడీ కార్డు అలాగే ఉంది. ఇంటి పక్కనున్న కుక్కల షెల్టర్ ఆమెదీ, ఆమె స్నేహితులదీ. శనివారం ఆమె రావడం మామూలు కాదు.

"బాబాయ్, ఫోనెందుకు ఎత్తలేదు?"

"నీకూ చేసేరా? రూలు రాసిచ్చేను కదమ్మా. మరొక్క రోజు ఆగనేకపోతే..."

"మసి చచ్చిపోయింది బాబాయ్."

ధర్మరాజు గూటికేసి చూశాడు.

"ఎప్పుడు?"

"రెండూ పదికి."

అతను గూట్లోంచి ఫోన్ తీసి మొదటి కాల్ ఎన్నింటికి వచ్చిందో చూశాడు. రెండున్నర. దానికి ముందు అదే వారంలో ఇంకో రెండు కాల్స్ ఉన్నాయి. పదో తారీకు, సాయంత్రం ఐదూ పది, ఐదూ పన్నెండు. అవి కూడా ఆ ఇంటివే.

ధర్మరాజుకి అరవై నాలుగేళ్ళు. ఇచ్ఛాపురం దగ్గరి పల్లె నుంచి వాళ్ళ నాన్న రాంచీ వైపున్న ఈ ఊరికి కార్ఖానా పనికి వచ్చాడు. కొడుకు అదే కార్ఖానాలో ముప్ఫై నాలుగేళ్ళు క్రేన్ నడిపి రిటైరయ్యాడు. బిర్సానగర్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి పక్క స్థలంలో రేకుల షెడ్డు, అందులో ఇనప జాలీ వేసిన ఆరు గదులు. యోగిత, ఆమె స్నేహితులు నలుగురు ఆ స్థలం అద్దెకు తీసుకున్నారు. దెబ్బ తిన్న కుక్కల్ని, ఎవరూ పట్టించుకోని కుక్కల్ని తెచ్చి, బాగుచేసి, ఇళ్ళకి ఇస్తారు. వాళ్ళు ఆదివారాలు వస్తారు. మిగతా ఆరు రోజులూ చూసేది ధర్మరాజు, గౌరీదేవి.

మసి అక్కడికి ఫిబ్రవరి ఇరవై రెండున వచ్చింది. ఊరి చివర ఒకాయన కుక్కల ఆశ్రమం అని బోర్డు పెట్టి రెండేళ్ళు నడిపి, ఒకరోజు తాళం వేసి వెళ్ళిపోయాడు. వాసన వస్తోందని పక్కవాళ్ళు చెబితే పోలీసులొచ్చి తాళం పగలగొట్టారు. లోపల ఇరవై మూడు కుక్కలున్నాయి. తొమ్మిది బతికున్నాయి.

మసి బరువు ఆ రోజు తొమ్మిది కిలోల రెండొందలు. ఉండాల్సింది పదహారు. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కిడ్నీలు దెబ్బ తిన్నాయని, తిండీ నీళ్ళూ మానకుండా చూసుకుంటే బతుకుతుందని చెప్పాడు. పేరు గౌరీదేవి పెట్టింది.

"గిన్నె అడుగుని మసున్నట్టుంది," అంది. "తోమితే పోదు."

మసి మనుషుల ముందు తినలేదు. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పళ్ళెం పెట్టి వెళ్ళిపోతే తెల్లారేసరికి ఖాళీగా ఉండేది. అది తినడం ఎవరూ చూడలేదు. ఎలకలు తింటున్నాయేమో అని యోగిత అంది. బరువు పెరుగుతోంది కాబట్టి తినేది మసే అని ధర్మరాజు అన్నాడు. కానీ ఇలా తినే కుక్కని ఇంటికివ్వడం కష్టం. మనిషి పెట్టింది మనిషి ఉండగా తినాలి. పళ్ళెం పెట్టి ఇరవై నిమిషాలు చూసి, తినకపోతే తీసెయ్యాలని యోగిత రాంచీలో ఒక శిక్షణలో నేర్చుకుంది. జూన్‌లో అలా మొదలుపెట్టారు. ధర్మరాజు పళ్ళెం పెట్టి గదిలోనే కూచునేవాడు. నాలుగు రోజులు మసి మూల వదల్లేదు. ఐదో రోజు గౌరీదేవి అన్నంలో నెత్తళ్ళనే చిన్న ఎండు చేపలు ఉడకబెట్టిన నీళ్ళు పోసి ఇచ్చింది. మసి తింది.

"సూసేవా?" అంది గౌరీదేవి. "ఆ పుస్తకాల ట్రైనింగులు కాదు. నెత్తళ్ళు. మా వైపు నెత్తళ్ళకి లొంగని ప్రాణి నేదు."

అక్టోబరు ఆఖరి శనివారం తూకం వేస్తే పదిహేను కిలోల ఎనిమిదొందలు వచ్చింది.

ధర్మరాజు క్రేన్ నేర్చుకున్నది సీతారామరావు అనే ఫోర్‌మన్ దగ్గర. కార్ఖానాలో విభాగాల్ని షాపులంటారు; ఒక షాపు నుంచి ఇంకో షాపుకి మనిషిని మారిస్తే పదిహేను రోజుల దాకా ఆ మనిషి పాత షాపు గుమ్మం తొక్కకూడదని ఆయన పెట్టిన నియమం. పాతవాళ్ళు వెళ్ళి పలకరించకూడదు. క్యాంటీన్‌లో పక్కన కూచోకూడదు. పాత మేస్త్రీ కనిపిస్తున్నన్నాళ్ళూ కొత్త మేస్త్రీ మాట చెవికెక్కదని ఆయన అనేవాడు. ఆ నియమం ఆయనతోపాటే పోయింది. ధర్మరాజు దాన్ని కుక్కలకి తెచ్చాడు.

దానికి కారణం ఉంది. రెండేళ్ళ కిందట గుండు అనే కుక్కని సిద్ధగోరాలో ఒక ఇంటికిచ్చారు. నాలుగో రోజు, ఎలా ఉందో చూసొద్దామని ధర్మరాజు వెళ్ళాడు. తిరిగొస్తుంటే గుండు స్కూటర్ వెనక పరిగెత్తింది. తీసుకెళ్ళి మళ్ళీ దింపాడు. ఆ సాయంత్రం గుండు గోడ దూకింది. పెద్ద రోడ్డు మలుపులో లారీ కింద పడింది.

అప్పట్నుంచి ప్రతి కుక్కతోనూ ధర్మరాజు ఒక కాగితం పంపుతాడు. కార్ఖానాలో మెషీన్ పక్కన అంటించే పని పద్ధతి కాగితంలా నంబర్లు వేసి తెలుగులో రాస్తాడు, కింద యోగిత హిందీలో రాస్తుంది. మసితో పంపినదాంట్లో ఆరు నంబర్లున్నాయి. తిండి ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి. అన్నం, కోడి కాళ్ళు, చిటికెడు పసుపు, నెత్తళ్ళ నీళ్ళు. తినేటప్పుడు ఒంటరిగా వదలకూడదు, దగ్గర మనిషి కూచోవాలి. ఇరవై నిమిషాలకి పళ్ళెం తీసెయ్యాలి, తిన్నా తినకపోయినా. పేరు మార్చకూడదు. ఆరో నంబరు కింద రెండు గీతలున్నాయి: పదిహేను రోజులు షెల్టర్ వాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు, వాళ్ళు రారు, కుక్క ఏడ్చినా సరే.

నవంబరు రెండు, ఆదివారం, పదకొండింటికి ఆ కాగితం భుజంగరావు చేతికిచ్చాడు. భుజంగరావు ఇంజనీరు, ఒక కంపెనీలో నాణ్యత విభాగం చూస్తాడు. భార్య లలితకుమారి స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఒక్కతే కూతురు మైత్రి, కాలేజీలో రెండో సంవత్సరం. యోగిత నెట్‌లో పెట్టిన ఫోటోల్లో మసిని చూసి, ఇదే కావాలన్నది మైత్రి. ముగ్గురూ కారులో వచ్చారు.

భుజంగరావు కాగితాన్ని నిలబడి రెండుసార్లు చదివాడు.

"ఇది ఎస్‌ఓపీ కదండీ, ధర్మరాజు గారూ. మా డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇంత శుభ్రంగా రాసేవాళ్ళు లేరు."

"క్రేన్‌వోణ్ణి సార్. ఒక్క నంబరు తప్పితే కిందున్నోడి నెత్తి మీద పడతాది."

"మేం తప్పం."

మైత్రి అప్పటికే జాలీ ముందు గొంతుక్కూచుంది. "అంకుల్, ఔర్ అగర్ యే రాత్ భర్ రోయే తో?" అని అడిగింది.

"రోనే దో బేటీ. రాత్రంతా ఏడిత్తే ఏడవనీ. పదిహేను దాటితే మమ్మల్ని మర్సిపోద్ది."

"మర్చిపోతే మీకు బాధుండదా?" అని లలితకుమారి అడిగింది.

ధర్మరాజు గొలుసు మైత్రి చేతికిచ్చాడు. "ముందు సీట్లో కాదమ్మా, ఎనక. కిటికీ కొంచెం దింపు," అన్నాడు.

నవంబరు పది, సోమవారం. సాయంత్రం ఐదూ పదికి ఫోన్ మోగినప్పుడు ధర్మరాజు వాకిట్లో పళ్ళేలు కడుగుతున్నాడు. చెయ్యి తుడుచుకుని చూశాడు.

"ఎవులు?" అంది గౌరీదేవి.

"కాసిడీహ్ పిల్ల."

"మరెత్తు."

"తొమ్మిదో రోజు."

"తొమ్మిదో రోజైతే ఏటి? ఆ పిల్ల ఊరికే చేత్తాదా?"

"బెంగెట్టుకుని ఏడత్తుంటాది. ఈ పిల్ల దాని చెవి కాడ ఫోనెట్టి, అంకుల్ మాటాడండీ అంటాది. నా గొంతు ఇన్నాదంటే అయిపోయింది. మళ్ళీ మొదటికొత్తాది. గుండుగాడు గుర్తునేడా నీకు?"

"గుర్తున్నాడు. నువ్వు మర్సిపోనేదని కూడా గుర్తుంది. అయినా ఎత్తు."

ఫోన్ ఆగింది. రెండు నిమిషాలకి మళ్ళీ మోగింది. ధర్మరాజు దాన్ని అరుగు మీద బోర్లా పెట్టాడు. ఆగేదాకా ఇద్దరూ దానికేసే చూశారు.

"నీది గుండె కాదయ్యా," అంది గౌరీదేవి. "క్రేన్ హుక్కుకి ఏలాడే దిమ్మ."

"దిమ్మ ఊగకూడదే. ఊగితేనే పెమాదం," అని అతను నవ్వి, పళ్ళేలు తీసుకుని షెడ్డులోకి వెళ్ళాడు.

మసి చనిపోయిన రోజు సాయంత్రం ఆరింటికి భుజంగరావు కారులో దాన్ని షెల్టర్‌కి తెచ్చాడు. దుప్పటిలో చుట్టి వెనక సీట్లో పడుకోబెట్టారు. తోడు లలితకుమారి వచ్చింది. మైత్రి రాలేదు.

షెడ్డు వెనక గోడ వార ధర్మరాజు గుంట తవ్వుతున్నాడు. భుజంగరావు చెప్పులు విడిచి రెండో పార తీసుకున్నాడు. రెండున్నర అడుగులు తవ్వాక ధర్మరాజు మసిని ఎత్తాడు. ఎత్తినవాడు గుంట దగ్గరికి వెళ్ళలేదు. షెడ్డులోకి వెళ్ళి తూకం మీద పెట్టాడు. శనివారం శనివారం అన్ని కుక్కల్నీ తూచి గోడ మీద రాయడం అతని పని. పదకొండు కిలోల ఆరొందలు.

"ఏ నంబరు తప్పేరు సార్?" అన్నాడు, తూకం మీంచి చూపు తిప్పకుండా.

"ఒక్కటీ తప్పలేదు."

"తప్పకపోతే ఎందుకు సచ్చిపోతాది? మా కాడ ఐదు నెల్లు తిన్న కుక్క. రెండు పూటలా తిన్నాది. పళ్ళెం నాకీసీది."

"ఇప్పుడా అడుగుతావు?" అంది గౌరీదేవి.

"అడగనివ్వండమ్మా," అన్నాడు భుజంగరావు. "నేనైనా అదే అడుగుతాను. మా దగ్గర చార్టుంది. పూట పూటకీ రాశాం. మీరు వచ్చి చూడండి. ఎక్కడ తప్పామో మీరే చెప్పండి."

గుంట పూడ్చేసరికి చీకటి పడింది. గౌరీదేవి పైన రెండు ఇటుకలు పెట్టింది.

ఆ వారం ధర్మరాజు ఆ విషయం వదల్లేదు. షెల్టర్‌లో పిండి అనే కుక్క ఉంది. తెల్లది, మసితోపాటే ఆ తాళం వేసిన చోటు నుంచి వచ్చింది. దాన్ని ముప్ఫయ్యో తారీకు ఆదివారం సిద్ధగోరాలో ఒక కుటుంబానికి ఇవ్వాలని ముందే మాటిచ్చారు. దానికీ కాగితం రాసి పెట్టి ఉంది. అవే ఆరు నంబర్లు.

యోగిత వాళ్ళకి ఫోన్ చేసి ఖాయం చేయమంటావా అని అడిగింది.

"ఆగమ్మా. ఒక లోడు జారి పడిందనుకో. ఎందుకు జారిందో తెలీకుండా రెండోది ఎత్తనివ్వరు. కాసిడీహ్ వోళ్ళు ఎక్కడో తప్పేరు. అది తెలిత్తే కాగితంలో రాసెయ్యొచ్చు."

"ఏం తప్పి ఉంటారు బాబాయ్? వాళ్ళు మంచివాళ్ళు."

"మంచోళ్ళు కాదన్నానా?"

ఇరవై మూడో తారీకు, ఆదివారం, పదిన్నరకి ధర్మరాజు, యోగిత కాసిడీహ్ వెళ్ళారు. లలితకుమారి తలుపు తీసింది. ముందుగదిలో సోఫాకి, టీవీ బల్లకి మధ్య ఖాళీ నేల మీద ఒక చాప పరిచి ఉంది. అది మసి చాప. దాన్ని ఎవరూ తియ్యలేదు. చాప తొక్కకుండా చుట్టూ తిరిగి వెళ్ళి కూచున్నారు.

"మైత్రి కాలేజీకి వెళ్ళడం లేదండీ," అంది లలితకుమారి టీ పెడుతూ. "తన వల్లే అయిందంటుంది. ఏం చేశావే అంటే చెప్పదు. చెప్పడానికి ఏమైనా ఉంటేగా."

భుజంగరావు చార్టు తెచ్చాడు. రెండు కాగితాలు, స్టేపుల్ చేసి ఉన్నాయి. గళ్ళు స్కేలుతో గీసినవి. తేదీ, సమయం, పెట్టింది ఎంత, తిన్నది ఎంత, తీసింది ఎన్నింటికి, ఇతరాలు. పక్కన ధర్మరాజు రాసిచ్చిన కాగితం, ప్లాస్టిక్ కవర్లో.

మొత్తం ఇరవై ఆరు పూటలు. ధర్మరాజు, యోగిత మొదటి నుంచి చదివారు.

"నెత్తళ్ళు ఎక్కడ కొన్నారు సార్?"

"సాక్చి మార్కెట్లో. మీరు చెప్పిన దుకాణమే."

"కడిగేరా?"

"మూడుసార్లు," అంది లలితకుమారి.

"పసుపు?"

"చిటికెడు."

"ఇరవై నిమిషాలకే తీసేరా?"

"టైమర్ పెట్టుకుని తీశాం," అన్నాడు భుజంగరావు. "ఏడో రోజు, పళ్ళెం రాత్రంతా వదిలేద్దామండీ అని తను అంది. వద్దన్నాను. మీ నాలుగో నంబరు ప్రకారం కుదరదు. తిన్నా తినకపోయినా అని మీరు రాశారు."

లలితకుమారి చాపకేసి చూసింది.

"కాడ ఎవరు కూకున్నారు?"

"మీరు ఒకరన్నారు. మేం ముగ్గురం కూచున్నాం. ఒక్క పూట కూడా దాన్ని ఒంటరిగా వదల్లేదు. మైత్రి అయితే పళ్ళేనికి ఎదురుగానే. చిన్నపిల్లలకి పెట్టినట్టు దాని కళ్ళల్లోకి చూస్తూ బతిమాలేది. రెండు గంటల పూటకి మేం సగం రోజు సెలవు పెట్టాం, తను కాలేజీ మానేసింది."

ధర్మరాజు వేలు కిందికి జరిపాడు. 'తిన్నది' అన్న గడిలో అన్నీ సున్నాలు. ఆరో తారీకు రెండు గంటల పూట దగ్గర మాత్రం 'సగం' అని ఉంది. అతని వేలు అక్కడ ఆగింది.

"ఇదేటి సార్? ఈ పూట తిన్నాదే?"

"తింది. సగం పైనే తింది. ఆ రోజు నెత్తళ్ళు కొంచెం ఎక్కువ పడ్డాయి. అందువల్లే అనుకుని మర్నాటి నుంచి రెట్టింపు వేశాం. మళ్ళీ ముట్టలేదు."

పక్కన ఇతరాల గడిలో చిన్న అక్షరాలు: కొరియర్ వచ్చింది, 2.06.

ఎనిమిదో తారీకు డాక్టరుకి చూపించారు. కొత్త చోటు కాబట్టి బెంగ, సర్దుకుంటుంది అన్నాడు, సెలైన్ ఎక్కించాడు. పదో తారీకు రక్తం రిపోర్టు వచ్చింది. కిడ్నీలు బాగా దెబ్బ తిన్నాయని, ఎక్కడ తినేదో అక్కడికే కొన్నాళ్ళు తీసుకెళ్ళమని చెప్పాడు. దాని కింద గడిలో: 17.10, 17.12, షెల్టర్‌కి ఫోన్. ఎత్తలేదు. నంబరు ఆరు ఉల్లంఘన.

"మేం తప్పిన నంబరు అదొక్కటేనండీ," అన్నాడు భుజంగరావు. "మైత్రి నన్నడక్కుండా చేసింది. స్కూటీ వేసుకుని వస్తానంది. నేనే ఆపాను. ఆయన పేరు చూసి ఎత్తలేదంటే, ఆయన నిర్ణయం అదే అన్నాను. మీకు తెలిసినంత మాకు తెలీదు కదా."

ధర్మరాజు టీ గ్లాసు కింద పెట్టాడు.

"సూసేను," అన్నాడు. "పేరు సూసే ఎత్తనేదు."

లోపలి గది తలుపు తెరుచుకుంది. మైత్రి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. జుట్టు ముడేసుకుని ఉంది. యోగిత లేచి పక్కన చోటిచ్చింది. మైత్రి కూచోలేదు.

"అంకుల్, ఆప్ కే యహాఁ సచ్ మే ఖాతీ థీ?" అంది. తర్వాత తెలుగులో అంది: "మీ దగ్గర నిజంగా తినేదా? నేను చూళ్ళేదు. పద్నాలుగు రోజులు దాని ఎదురుగా కూచున్నాను. అది తినడం ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఆ సగం తిన్నప్పుడు కూడా నేను లేను. కొరియర్ వస్తే సంతకం పెడుతున్నాను."

"తిన్నాదమ్మా. నిజంగా తిన్నాది."

"నా దగ్గర వీడియో ఉండాలి," అంది యోగిత. "జూన్‌లో తీశాను. పేజీలో పెడదామని తీసి, చీకటిగా వచ్చిందని పెట్టలేదు. చూస్తావా?"

ఫోన్‌లో వెతకడానికి కొంత సేపు పట్టింది. వీడియో తేదీ జూన్ ఇరవై రెండు, ఆదివారం. నిడివి యాభై రెండు సెకన్లు. యోగిత ఫోన్‌ని టీపాయ్ మీద చక్కెర డబ్బాకి ఆనించి పెట్టింది. మైత్రి నేల మీద, చాప పక్కన కూచుంది. మిగతావాళ్ళు ముందుకి వంగారు.

బయట రేకు చాటున నిలబడి, ఫోన్ మాత్రం జాలీకి ఆనించి తీసిన వీడియో అది. గదిలో ధర్మరాజు బోర్లించిన పెయింటు డబ్బా మీద కూచుని ఉన్నాడు. ఆ గది గేటుకి గొళ్ళెం పట్టదు. అందుకని అతను గేటు వైపు తిరిగి, కుడికాలు గేటుకి తన్నిపెట్టి కూచున్నాడు. పళ్ళెం అతని వెనక ఉంది. పదో సెకనులో మసి మూలలోంచి లేచింది. పద్నాలుగో సెకనుకి పళ్ళెం దగ్గరికొచ్చింది. తింది. పళ్ళెం నేల మీద జరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఖా రహీ హై," అంది మైత్రి. తింటోంది అని. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వీడియోలో యోగిత గొంతు గుసగుసగా పలికింది: 'బాబాయ్, తింటోంది.' డబ్బా మీదున్న ధర్మరాజు నవ్వుతూ వెనక్కి తిరిగాడు. మసి తినడం ఆపింది. మూతి ఎత్తి అతన్ని చూసింది. వెనక్కి నడిచి మూలకి వెళ్ళింది. గేటు కదిలింది, అతను మళ్ళీ గేటు వైపు తిరిగి కాలు నొక్కాడు. నలభై ఐదో సెకనులో మసి మళ్ళీ పళ్ళెం దగ్గరికొచ్చింది. వీడియో అయిపోయింది.

యోగిత రెండోసారి పెట్టింది. అయిపోయాక చార్టు తీసుకుని ఆరో తారీకు గడి చూసింది లలితకుమారి.

"కొరియర్ వచ్చినప్పుడు ముగ్గురం గుమ్మం దగ్గరున్నాం," అంది. "సంతకం మైత్రిది కావాలన్నాడు, ఆధార్ అడిగాడు. మీరు లోపలికెళ్ళి తెచ్చారు, గుర్తుందా? ఐదారు నిమిషాలు దాన్ని ఎవరం చూళ్ళేదు."

భుజంగరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"గదిలోనే కూకున్నాను," అన్నాడు ధర్మరాజు. "రెండు పూటలా కూకున్నాను. నెత్తళ్ళనుకున్నాను. కాడ కూకోమని రాసేను. ఎటు తిరిగి కూకోవాలో రాయనేదు."

"మీకు తెలీదు కదండీ," అన్నాడు భుజంగరావు.

"తొమ్మిదో రోజు ఎత్తుంటే తెలిసీది. ఎలా కూకున్నారని అడిగీవోణ్ణి." మైత్రి వైపు తిరిగాడు. "నువ్వేటీ తప్పు సెయ్యనేదమ్మా. ఆ కాగితం నేను రాసిందే."

మైత్రి అతనికేసి చూడలేదు. ఫోన్‌కేసే చూస్తోంది.

"మళ్ళీ ఎయ్యమ్మా," అన్నాడు ధర్మరాజు.

ఈసారి మైత్రి వేసింది. ముప్ఫై ఒకటో సెకను దగ్గర తెర మీద వేలు పెట్టి ఆపింది. బొమ్మ ఆగింది. అందులో ధర్మరాజు వెనక్కి తిరిగి ఉన్నాడు. మసి పళ్ళెంలోంచి మూతి ఎత్తి ఉంది. పళ్ళెంలో అన్నం సగానికి పైగా మిగిలి ఉంది.